అప్‌డేట్: జపాన్ వెళ్లిన మా అమ్మాయి గురించి

మొన్న అడిగాను కదా, 16 ఏళ్ల మా అమ్మాయి స్కూల్ ఎక్స్చేంజ్ మీద ఒక్కతే ఒసాకా వెళ్లింది, ఇంట్లో తోచట్లేదు, ఊరికే ఫోన్ చేయబుద్ధవుతోంది, ఏం చెయ్యను అని. చాలామంది ఒక టైం పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాం. వాళ్లు మనకంటే మూడున్నర గంటలు ముందు, కాబట్టి మనకి సాయంత్రం 5 అంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అది తినేసి తీరిగ్గా ఉంటుంది. మిగతా టైంలో మెసేజ్ మాత్రమే. మొదట్లో నాలుగున్నర నుంచే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని, ఇప్పుడు ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి వెళ్లొచ్చి మరీ మాట్లాడుతున్నా.

మొన్నొక రోజు చిన్న భూకంపం వచ్చిందట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అదేమో నవ్వుతూ, "2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మనం వైజాగ్ వదిలి పారిపోయామా అమ్మా?" అంటోంది! అప్పుడు దానికి ఐదేళ్లు, ఏం గుర్తుందని?

తిండి గురించి అడిగినవాళ్లకి: చేపలు తినే పిల్లే కాబట్టి ఇబ్బంది లేదు, కాకపోతే పట్టుకెళ్లిన ఆవకాయ అప్పుడే అయిపోయింది, అది ఉంటున్న ఇంటావిడకి తెగ నచ్చిందట.

బెంగ తగ్గిందా అంటే, పగలు తగ్గింది. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అలాగే ఉంది. వచ్చే నెల హైదరాబాద్‌లో దిగుతుంది, మా ఆయన వద్దంటున్నా నేను అక్కడికే వెళ్తున్నా.