అప్‌డేట్: మోకాలి ఆపరేషన్ తర్వాత అమ్మ పథ్యం

మోకాలి కీలు మార్పిడి అయ్యాక, ఫిజియోథెరపీ సాగినన్నాళ్లూ అమ్మకు చారన్నమే పెట్టాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. డైటీషియన్‌తో మాట్లాడాక తేలింది ఇది.

పప్పు తింటే చీము పడుతుందన్నది వట్టి భయం. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. ప్రొటీన్ చాలకపోతేనే గాయం ఆలస్యంగా మానుతుంది, తొడ కండ కరిగిపోయి కాలు నిటారుగా ఎత్తడమే కష్టమవుతుంది.

కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అమ్మ 60 కిలోలు, అంటే 72 నుంచి 90. రెండు గుడ్లకు 12, 50 గ్రాముల కందిపప్పుకు 11 (తార్నాక జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల లెక్క), రెండు గ్లాసుల పాలకు 16, 30 గ్రాముల మీల్‌మేకర్‌కు 15. మీల్‌మేకర్ వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి వండాలి. అన్నం, పెరుగు కలిస్తే 72 దాటుతుంది. అయితే అంతా మధ్యాహ్నమే పెట్టేయకండి. మనింట్లో వెలితి పడేది పొద్దున టిఫిన్‌లోనే, ఇడ్లీ పక్కన గుడ్డు తప్పనిసరి.

వ్యాయామానికి గంట ముందు అరటిపండు, ముగిశాక పాలు. భోజనం కాగానే చాయ్ వద్దు, ఇనుము ఒంటపట్టదు, గంట ఆగాలి.

రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో ఉండాలి. కిడ్నీ జబ్బుంటే మాత్రం పై లెక్క పనికిరాదు, ముందు డాక్టర్‌ని అడగండి.