సారనాథ్ సింహాల పాత ప్లాస్టర్ బొమ్మ కడగొచ్చా?

ప్రశ్న (కావలి నుంచి):
పోయిన నెల నెల్లూరులో పాత సామాన్ల అంగట్లో సారనాథ్ సింహాల ప్లాస్టర్ బొమ్మ దొరికింది. అడుగున్నర ఎత్తు. 600 చెప్తే బేరమాడి 450కి తెచ్చుకున్నా. మా నాన్న డ్రాయింగ్ మాస్టారు. ఇలాంటిదే బల్ల మీద పెట్టి పిల్లల చేత గీయించేవారు, అందుకే చూశాక వదలబుద్ధి కాలేదు. ఒక సింహం దవడ దగ్గర పెచ్చు ఊడింది. ఎవరో మీద బంగారు రంగు మందంగా పూశారు. అడుగున ఎర్రటి మరక. సింహాల కింద బోర్లించిన తామర కూడా ఉంది. కడిగి రంగు తీసేయొచ్చా? ఎంత పాతదో ఎట్లా తెలుస్తుంది?

జవాబు (ఒంగోలు నుంచి):
అన్నా, నీళ్లు మాత్రం తగలనీయొద్దు. నేను చేసిన తప్పు అదే. సాంచీ సాలభంజిక (చెట్టుకొమ్మ పట్టుకున్న ఆడమనిషి శిల్పం) బొమ్మని రాత్రంతా బక్కెట్లో నానేసి పొద్దున బ్రష్షుతో రుద్దా. చేతి గాజుల గీతలన్నీ నున్నగా అరిగిపోయాయి. ఇప్పటికీ దాన్ని చూస్తే బాధే. ప్లాస్టరంటే జిప్సమే, లీటరు నీళ్లలో రెండు గ్రాముల దాకా కరుగుతుంది. ఆ ఎర్ర మరక బహుశా లోపల బలానికి పెట్టిన ఇనప కమ్మీ తుప్పు. మన సముద్రపు గాలికి చెమ్మ ఎక్కుతుంది, గోడకి ఆనించకు.

జవాబు (కందుకూరు నుంచి):
తామర ఉందంటే అదృష్టమే అండీ. మన రాజముద్రలో తామర ఉండదు. కాబట్టి ఇది ముద్ర చూసి కాకుండా సారనాథ్ అశోక స్తంభం మీది శిల్పం చూసి చేసిన అచ్చు. వెనక నాలుగో సింహం ఉందా? చక్రానికి ఆకులు లెక్కపెట్టండి, అసలు శిల్పంలో 24. అరిగిన అచ్చులో పోస్తే ఆకులు కలిసిపోతాయి. వయసు కచ్చితంగా చెప్పలేం గానీ, అసలుది 1904-05 తవ్వకాల్లో బయటపడింది, ఏడడుగుల ఎత్తు. మీది అంతకంటే పాతది అయ్యే వీల్లేదు. రంగుని పొడిగానే, వెదురుపుల్లతో కనపడని చోట ముందు గీకి చూడండి.

అడిగినవారు మళ్లీ:
నాలుగో సింహం ఉంది! రాత్రి లైటార్పి టార్చి పక్కనుంచి వేసి లెక్కపెట్టా. ఒక చక్రానికి సరిగ్గా 24. ఎద్దు పక్క చక్రంలో రంగు నిండి 19 దగ్గర ఆగిపోయా. ఆ ఎద్దుకి మన ఒంగోలు గిత్తకి మల్లే మూపురం ఉంది. దాని వెనక పుల్లతో మెల్లగా లేపితే రంగు పెచ్చులా వచ్చి, కింద లేత గోధుమరంగు లక్కపూత కనిపించింది. రోజూ బడి నుంచి వచ్చాక ఓ అరగంట కూర్చుంటున్నా. ఆదివారానికి ఎద్దు పూర్తవుతుంది.