రాజమండ్రిలో చదివితే మద్రాసు పట్టా ఎలా?

ప్రశ్న: అటక మీద మా ముత్తాతగారి ఫొటో దొరికింది. తలపాగా, నల్ల గౌను, భుజాల మీద హుడ్డు. వెనకాల సిరాతో "బి.ఏ., మద్రాసు, 1911". ఆయన చదివింది రాజమండ్రిలోనే అంటారు ఇంట్లో. మరి మద్రాసు ఎందుకు వచ్చింది?

గోదారిగట్టు: రెండూ నిజమేనండి. రాజమండ్రి ప్రభుత్వ కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండేది. పాఠాలు ఇక్కడ, పట్టా అక్కడిది. అంతెందుకు, హైదరాబాదు నిజాం కాలేజీ కూడా దాని కిందే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గానీ రాలేదు, అదీ మొదట బెజవాడలో. స్నాతకోత్సవం మెరీనా ఎదుట ఆర్కిటెక్ట్ చిషోమ్ కట్టిన సెనేట్ హౌస్‌లో. గోదావరి మీద రైలు వంతెన 1900లోనే వచ్చింది కాబట్టి మీ ముత్తాతగారు దర్జాగా రైల్లోనే వెళ్లి ఉంటారు.

పాతకాగితం: ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) రెండేళ్లు, బి.ఏ. రెండేళ్లు. ఆ లెక్కన 1907లో చేరి ఉండాలి. ఏం సంవత్సరమండీ అది! ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకెళ్తే ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఒప్పుకోలేదు. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును అక్కడి నుంచి బహిష్కరించారు. నాకైతే స్నాతకోత్సవం కన్నా ఈ గొడవే ఆసక్తి. ఇంట్లో ఉత్తరాలేమైనా ఉన్నాయా?

ప్రశ్న వేసినవారు: ఒక ట్రంకుపెట్టె ఉంది, తాళం బాబాయి దగ్గరుంది. ఆదివారం అడుగుతాను.