బ్రాడ్‌కాస్ట్‌లో పెట్టిన వీడియో పేషెంట్లకి వెళ్ళట్లేదు, ఎవరికైనా తెలుసా

కేఆర్‌పురం సిస్టర్: పొద్దున్నుంచి దీనితోనే సరిపోయింది, తల పగిలిపోతోంది. బెంగళూరులో మా క్లినిక్‌కి బీపీ, షుగర్‌కి వచ్చేవాళ్ళలో చానామంది అనంతపురం, కదిరి వైపు నుంచి వచ్చిన బిల్డింగు పనివాళ్ళే. వాళ్ళ కోసం గుండెపోటు లక్షణాల మీద తెలుగులో రెండు నిమిషాల వీడియో చేసి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో 140 మందికి పెట్టా, మెసేజ్ ఇన్ఫో తెరిచి చూస్తే 9 మందికే అందింది. సైజు తగ్గించా, యాప్ తీసి మళ్ళీ వేశా, ఏం లాభంలేదు. పోయిన నెల ఒకాయన రాత్రి ఎద పట్టేస్తే గ్యాస్ అనుకోని సోడా తాగి పడుకున్నాడు, తెల్లారి వచ్చాడు. అందుకే ఈ తొందర.

వైట్‌ఫీల్డ్ టెస్టర్: మీ నంబర్ వాళ్ళ ఫోన్లలో సేవ్ అయి ఉందా?

యలహంక ఫార్మసిస్ట్: అమ్మా, ముందు వీడియోలో ఏముందో చెప్పు. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు, అందరూ కలిపేస్తారు. పోటులో రక్తనాళం పూడుకుపోతుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, అందుకే ఏం కాదులే అనుకుంటారు. షుగర్ ఉన్నోళ్ళకి, ఆడవాళ్ళకి ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆయాసం, చల్లటి చెమటలు, వాంతి వచ్చినట్టుండడం, దవడ లాగడం, అంతే. అవి పెట్టావా?

బొమ్మనహళ్ళి ఆశా: సార్, మా వాళ్ళు గుండెపోటు అనరు. ‘ఎదలో పట్టుకునింది’, ‘గ్యాస్ ఎక్కింది’ అంటారు, వీడియోలో ఆ మాటే పెట్టాల.

యలహంక ఫార్మసిస్ట్: గ్యాస్ అని మనమే అంటే ఇంక సోడానే తాగుతారు కదమ్మా.

బొమ్మనహళ్ళి ఆశా: గ్యాస్ అనుకోకండి, 108కి ఫోన్ చేయండి అని చెప్పాలన్నా. వాళ్ళ మాట వినపడితేనే చూస్తారు.

హెబ్బాళ రమణ: యాస్పిరిన్ నమలమని కూడా పెట్టండి.

యలహంక ఫార్మసిస్ట్: అందరికీ కాదు! అల్సర్ ఉన్నవాళ్ళు, పడనివాళ్ళు ఉంటారు. ముందు 108, మాత్ర సంగతి వాళ్ళనే అడగాలి.

కేఆర్‌పురం సిస్టర్: సేవ్ అంటే... క్లినిక్‌కి కొత్త సిమ్ తీసుకున్నాం, దాంట్లోంచే పంపా. చానామంది దగ్గర ఉండదు. అది కూడా చెప్పాలా?

వైట్‌ఫీల్డ్ టెస్టర్: అదే కారణం. బ్రాడ్‌కాస్ట్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది. లిస్టుకి 256 మందే. ఓపీలో బీపీ చూసేటప్పుడే వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేసేయండి.

కేఆర్‌పురం సిస్టర్: ఇవాళ 11 మందికి చేశా, వెళ్తోంది, థాంక్స్. ఒకామెకి పగిలిన స్క్రీన్ మీదే చూపించా, దవడ అనగానే తన దవడ పట్టుకుని చూసుకుంది. కీప్యాడ్ ఫోన్ వాళ్ళకి ఏం చేయాలి?

బొమ్మనహళ్ళి ఆశా: వాయిస్ కాల్ పెట్టొచ్చేమో, మా సూపర్‌వైజర్‌ని అడిగి చెప్తా.