ఫ్రెండ్‌షిప్ పీక్‌కు తేలికపాటి బ్యాగు కావాలె

హన్మకొండ నుంచి రాస్తున్న. వచ్చే జూన్‌ల మనాలి దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్‌కు పోతున్న, 5,289 మీటర్లు. నా దగ్గర 65 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగే ఉన్నది, ఖాళీగనే రెండు కిలోల పైన. మొన్న పొద్దుగాల దాంట్ల నీళ్ల బాటిళ్లు నింపుకొని పద్మాక్షి గుట్ట ఎక్కిన. తల పైకెత్తితే హెల్మెట్ బ్యాగు మూతకు తాకుతున్నది. బ్యాగు నడుము బెల్టు హార్నెస్ (తాడు కట్టుకునే నడుము పట్టీ) మీదికొచ్చి, దానికి సామాను తగిలించే గేర్ లూపులు చేతికి అందుతలేవు. శిఖరం ఎక్కే రోజుకు ఎంత సైజు సరిపోతదన్నా?

గుట్టలబాట: తమ్మీ, 30–35 లీటర్లు చాలు, బరువు కిలో లోపు చూడు. మూత, నడుము బెల్టు రెండూ ఊడొచ్చేటివి ఉండాలె, నీ తిప్పలన్నీ ఆడనే తీర్తయి. వీపు దిక్కు ఫోమ్ షీటు బయటికొచ్చేదైతే మంచు మీద ఏస్కొని కూసోవచ్చు. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) తగిలించే లూపులల్ల దాన్ని చేతి గ్లౌజులతోనే పెట్టి తీసి చూడు. బయట వల జేబులు అస్సలొద్దు, రాళ్లకు చిక్కుకుంటయి.

కాజీపేట పిలగాడు: మరీ పల్చటి బట్ట తీస్కోకు బ్రో. నాది భువనగిరి రాయి మీద మూడోసారికే అడుగున చినిగింది. ఇప్పుడు 210 డీనియర్ (దారం మందం కొలత) నైలాన్‌ది వాడుతున్న. వానకు లోపల మందపు ప్లాస్టిక్ సంచి పెడ్త.

హన్మకొండ: థాంక్స్ అన్నా. ఆదివారం హైదరాబాద్ పోయి హార్నెస్, హెల్మెట్ పెట్టుకొనే బ్యాగు ఏస్కొని చూస్త.