పది నెలల పాప పారాడటం లేదు, కూర్చునే జరుగుతోంది: మీ ఇళ్లలో ఎలా జరిగింది?

మునుగోడు అమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకు గత వారంతో పది నెలలు నిండాయి. ఐదో నెలలో బోర్లా పడింది, ఎనిమిదో నెల మొదట్లో ఆసరా లేకుండా కూర్చుంది, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుంది, కింద పడిన అన్నం మెతుకును రెండు వేళ్లతో ఏరి నోట్లో పెట్టుకుంటుంది. పారాడటం మాత్రం ఇంతవరకు లేదు. కూర్చున్న చోటు నుంచే ఒక చేతిని నేలకు ఆనించి, పిర్రల మీద జరుగుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది. పారాడని పిల్లకు నడుము గట్టిపడదని మా అత్తమ్మ దిగులు పడుతున్నారు. మావారు వాకర్ కొనుక్కొచ్చారు, ఇంకా అట్టపెట్టె విప్పలేదు. నా భయం వేరే ఉంది. పాప కాళ్లు మోకాళ్ల దగ్గర విల్లులా వంగి కనిపిస్తున్నాయి. మాది ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నలిగిన ప్రాంతం, వంగిన కాళ్లతో నడిచే పెద్దవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని, అందుకే ఆ మాట ఇంట్లో పైకి అనడానికి కూడా నోరు రావడం లేదు. మీలో ఎవరి పిల్లలైనా ఇలా చేశారా?

ఫిజియో, మిర్యాలగూడ

చెల్లెమ్మా, ముందు లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలను క్రమం తప్పకుండా గమనించి 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపు, చేతులూ మోకాళ్ల మీద పారాడటం 5.2 నుంచి 13.5 నెలల లోపు, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. తొమ్మిదో నెలలో అడుగేసిన పిల్లా, పదిహేడో నెలలో అడుగేసిన పిల్లా ఆ లెక్కలో ఇద్దరూ సరైనవారే. పైగా ఆ పిల్లల్లో 4.3 శాతం మంది చేతులూ మోకాళ్ల మీద అసలు పారాడనే లేదు. కాబట్టి పారాడకపోవడం ఒక్కటే జబ్బు లక్షణం కాదు.

అయితే లెక్క చూపించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. పిర్రల మీద జరిగే పిల్లలకు కండరాల బిగువు కొంచెం తక్కువగా ఉండటం, వాళ్లు మిగతా పిల్లల కంటే ఆలస్యంగా నడవడం తరచుగా చూస్తుంటాం. ఇది కుటుంబాల్లో నడుస్తుంది కనుక, పాప తండ్రి పసితనంలో ఎలా కదిలేవారో మీ అత్తమ్మను అడగండి. మరో రెండు సంగతులు మీరే చూసి చెప్పండి. చంకల కింద పట్టుకుని నిలబెడితే పాదాలు నేలకు ఆనిస్తుందా, లేక గాలిలో కూర్చున్నట్టు కాళ్లు పైకి మడుచుకుంటుందా? జరిగేటప్పుడు నేలకు ఆనించే చేయి మారుతుందా, లేక ఎప్పుడూ ఒకే చేయా? ఏడాది నిండకముందే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని పక్కన పెట్టే పిల్లను తప్పకుండా డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే ఆ వయసులో కుడిచేతి వాటం ఎడమచేతి వాటం ఇంకా స్థిరపడవు.

అచ్చంపేట అవ్వ

(అవ్వ చెబుతుంటే మనుమరాలిని నేను రాస్తున్నాను.) మాకు నెలలు లెక్కపెట్టడం కంటే వంటలు లెక్కపెట్టడం అలవాటు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. (మేము వాటిని పోలెలంటాం గానీ ‘బోర్లా’కు బొబ్బట్లే కలుస్తాయని అవ్వే నవ్వుతోంది.) ఈ వరసలో ఏ వంటకూ ఫలానా నెల అని ఎవరూ కట్టడి పెట్టలేదు. అవ్వ కన్న ఐదుగురిలో మూడోవాడు పారాడలేదట. కూర్చునేవాడు, దొర్లేవాడు, ఒకరోజు రోలు అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడట. ఆయన ఇప్పుడు రెండెకరాల వేరుశనగ సొంతంగా చేస్తున్నారు. రోజూ నువ్వుల నూనె పట్టించి, కాళ్లు చాపి కూర్చుని, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని నీళ్లు పోస్తే వీపూ మెడా బలపడతాయని అవ్వ అంటోంది.

పాలమూరు నాన్న

మా బాబు 32 వారాలకే పుట్టాడు, బరువు 1.6 కిలోలు. మొదటి ఏడాదంతా మా వదినగారి అబ్బాయితో పోల్చుకుని కుమిలిపోయాం. పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టవలసిన తేదీ నుంచి వయసు లెక్కించాలని, రెండేళ్లు వచ్చేదాకా అలాగే చూడాలని మాకు ఆరో నెల దాకా ఎవరూ చెప్పలేదు. ఎనిమిది వారాలు ముందే వచ్చినవాడికి పదో నెలంటే, అసలు లెక్కలో ఎనిమిదో నెలే. మావాడు పదహారో నెలలో నడిచాడు, అంటే పద్నాలుగుగా తీసుకోవాలి. పాప నెలలు నిండి పుట్టిందా అని మీరు రాయలేదు, అందుకే అడుగుతున్నాను.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఎవరైనా చదువుతుంటే ఒక మాట. 34 వారాల లోపు పుట్టినవారికి, రెండు కిలోల లోపు బరువున్నవారికి, నాలుగు వారాల లోపు కంటి వెనక పొర పరీక్ష చేయించాలి. ఆ పొరలో రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరిగితే చూపే పోవచ్చు, సమయానికి కనిపెడితే లేజరుతో ఆపవచ్చు. మాకు ఆ మాట చెప్పిన నర్సమ్మను ఇప్పటికీ తలుచుకుంటాం.

సూర్యాపేట నర్సు

ఆ అట్టపెట్టె విప్పకండి. వాకర్‌లో పిల్ల మునివేళ్ల మీద నేలను తన్నుతుంది తప్ప, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చుకోవడం నేర్చుకోదు, తన పాదాలు తనకు కనిపించవు. పైగా రెప్పపాటులో పొయ్యి దగ్గరికో మెట్ల దగ్గరికో చేరుతుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

అవ్వగారు చెప్పిన నూనె స్నానం మంచిదే, నేను కూడా నా పిల్లలకు పోశాను. కానీ స్నానం చివర ముక్కులోనూ చెవిలోనూ నూనె చుక్కలు వేసే అలవాటు మాత్రం వదలాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. కంటికి కాటుక కూడా వద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది.

అందరూ కాళ్ల గురించే మాట్లాడుతున్నారు కనుక చెవుల గురించి ఒక సంగతి చెబుతాను. మా వార్డుకు వచ్చిన ఒక తల్లి, తన బాబు మూడో నెలలో ‘ఊ’ కొట్టేవాడు కాబట్టి వినికిడి బాగానే ఉందనుకుంది. చెవులు పనిచేయని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు. తేడా బయటపడేది ఏడో నెల తర్వాత, ‘బబ్బబ్బ, దద్దద్ద’ అని అక్షరాలు పేర్చే దశ రానప్పుడు. ఆ బాబును తీసుకొచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స మొదలు అనేది పద్ధతి. చప్పట్లు కొట్టి చూశాం, తిరిగింది అనుకోవద్దు, చేతి గాలికి కూడా పిల్ల తిరుగుతుంది. చూపు సంగతి కూడా అంతే. పుట్టినప్పుడు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే పాలిచ్చే తల్లి ముఖం దాకానే స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడప్పుడు మెల్లకన్ను పడటం మామూలే, నాలుగో నెల దాటాక కూడా పడుతుంటే మాత్రం కంటి డాక్టరుకు చూపించాలి.

మర్రిగూడ టీచర్

అక్కా, మీ భయం నాకు తెలుసు, రెండేళ్ల క్రితం నేనూ అదే పడ్డాను. మా అబ్బాయి కాళ్ల వంపు చూసి ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తితే, వాళ్లు ఎక్స్‌రేలూ రక్తపరీక్షలూ చేయించి, ఏమీ చెప్పకుండా మందులు రాసి పంపారు. తర్వాత ఎముకల డాక్టరు ఒకాయన ఒక్క రూపాయి ఖర్చు లేకుండా విడమరచి చెప్పారు. గర్భంలో ముడుచుకుని పడుకున్న బిడ్డ కాళ్లు సుమారు రెండేళ్లు వచ్చేదాకా బయటికి వంగి ఉండటం సహజం. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకు మోకాళ్లు లోపలికి తగులుకుంటాయి, ఏడేళ్ల వయసుకు సర్దుకుంటాయి. రెండు కాళ్లూ సమానంగా వంగి ఉంటే ఎదురుచూడవచ్చు. ఒక కాలే వంగినా, వంపు నానాటికీ పెరుగుతున్నా చూపించాలి.

ఫ్లోరైడ్ ఎముకల్లోకి చేరి రూపం మార్చడానికి ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగాలి. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా చనుబాలలోకి వచ్చేది చాలా తక్కువ. అందుకే ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే పట్టిన బిడ్డ గురించి ఆ దిగులు అక్కర్లేదు. డబ్బాపాలను బోరు నీళ్లతో కలిపితే మాత్రం సంగతి వేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు, మీ బోరు నీళ్లను ఒకసారి పరీక్ష చేయించండి. ఇంకొక కారణం డి విటమిన్ లోపం. మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయాలని పిల్లల డాక్టర్లు చెబుతారు. మావాడికి ఎవరూ రాయలేదు, మీ పాపకు వేస్తున్నారా?

నారాయణపేట అన్న

మేము పూణేలో భవనాల పనికి పోయినప్పుడు మా రెండో పాపను ఎనిమిది నెలల దాకా తొట్టెలలోనే ఉంచాల్సి వచ్చింది. కంకరా ఇనుప చువ్వలూ ఉన్న నేల మీద ఎలా వదులుతాం? కూర్చోవడం కూడా ఆలస్యమైంది. ఉగాదికి ఊరికొచ్చి, మా అమ్మ వాకిట్లో చాప పరిచి దించాక నెల తిరగకుండానే పారాడింది. పెద్దది ఊళ్లో పుట్టి పెరిగింది కనుక ఏడో నెలలోనే పారాడింది. పిల్లల తప్పు కాదు, నేల దొరకకపోవడమే కారణమని నాకు అప్పుడు తెలిసింది.

ఫిజియో, మిర్యాలగూడ

అన్నా, మీరు చెప్పినది పరిశోధకులు కూడా చూశారు. చార్లెస్ సూపర్ 1976లో కెన్యాలోని కిప్సిగిస్ తెగ గురించి రాశారు. అక్కడి తల్లులు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు, అందుకే వాళ్ల పిల్లలు ఆ రెండూ అమెరికా పిల్లల కంటే నెల ముందే చేస్తారు. నేర్పని పనుల్లో ఆ తొందర లేదు. ఎస్తర్ థెలెన్ బృందం చేసిన మరో పని నాకు బాగా ఇష్టం. పుట్టిన బిడ్డను నిటారుగా పట్టుకుంటే అడుగులు వేస్తున్నట్టు కాళ్లాడిస్తుంది, రెండో నెలకు అది మాయమవుతుంది. మెదడు ఎదిగి దాన్ని అణిచివేసిందని చాలాకాలం నమ్మారు. థెలెన్ ఆ పిల్లలను నడుము దాకా నీళ్లలో నిలబెడితే అడుగులు మళ్లీ వచ్చాయి. పోయింది విద్య కాదు, తొడలకు కొవ్వు పట్టి కాళ్లు బరువెక్కాయి, కండరం ఇంకా అంత మోయలేదు. మెదడూ కండరమూ బరువూ నేలా నాలుగూ కుదిరినప్పుడే అడుగు పడుతుంది.

ఇక నడక మొదలైన పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేసి 17 సార్లు పడ్డారని 2012లో కరెన్ అడాల్ఫ్ బృందం లెక్కగట్టింది. పడటాన్ని ఆపాలని చూసే నాయనమ్మలకు ఈ లెక్క చూపించండి. పాపను మెలకువగా ఉన్నప్పుడు రోజుకు నాలుగైదుసార్లు బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా గిన్నె పెట్టండి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

మునుగోడు అమ్మ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పాప నెలలు నిండే పుట్టింది. నిలబెడితే, ఫిజియోగారు రాసినట్టే, కాళ్లు పైకి మడుచుకుంటోంది. చేయి మాత్రం మారుస్తోంది, ఒకే చేయి కాదు. మావారి సంగతి అడిగితే అత్తమ్మ కాసేపు ఆలోచించి, ఆయన కూడా నేల ఊడ్చినట్టు జరిగేవాడని, నిక్కర్లన్నీ వెనకే చిరిగేవని, ఏడాదిన్నర దాటాక నడిచాడని చెప్పారు. పది నెలలు దిగులుపడి ఆ మాట అడిగాకే గుర్తొచ్చిందంటే ఏమనాలి?

ఆశా అక్క రాసిచ్చిన చీటీతో జిల్లా ఆసుపత్రిలోని పిల్లల కేంద్రానికి వెళ్లాం. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అక్కడ ఉచితంగానే చూశారు. తల చుట్టుకొలత 45 సెంటీమీటర్లు, చూపు, వినికిడి బాగున్నాయన్నారు. కండరాల బిగువు కొంచెం తక్కువని, కాళ్ల వంపు వయసుకు తగినదేనని చెప్పి, డి విటమిన్ చుక్కలు మొదలుపెట్టించారు, పీట పట్టుకుని లేపే అభ్యాసం నేర్పారు. పదిహేనో నెలలో మళ్లీ తీసుకురమ్మన్నారు, నేర్చుకున్న పని ఏదైనా మరిచిపోతే మాత్రం ఆగకుండా వెంటనే రమ్మన్నారు. వాకర్‌ను దుకాణంవాళ్లు వెనక్కి తీసుకున్నారు.

మొన్న పాప పిర్రల మీదే జరుగుతూ వచ్చి, గడప మీద చేతులు వేసి, అటువైపుకు దొర్లింది. ఇది దాటినట్టా, పడినట్టా అని ఇంట్లో వాదన జరిగింది. అత్తమ్మ మాత్రం మినప్పప్పు నానబోశారు.