అప్‌డేట్: ఆ పసుపు పూల పొద తుమ్మే

మెల్‌బోర్న్ శివారు అడవిలో చూసిన పసుపు పూల పొదకు ముళ్లు గానీ, చీలిన ఆకులు గానీ లేవు కనుక అది తుమ్మ కాదేమోనని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబుల్లో మీరు చెప్పినట్టే అది గోల్డెన్ వాటిల్ అనే ఆస్ట్రేలియా తుమ్మ. చిక్కుడు కుటుంబానికి చెందిన, 1842లో వృక్షశాస్త్రవేత్త జార్జ్ బెంథామ్ వర్ణించిన ఈ మొక్క శాస్త్రీయ నామం అకేసియా పిక్నాంతా. మళ్లీ వెళ్లి పరిశీలిస్తే, నేను ఆకు అనుకున్నది నిజానికి వెడల్పైన తొడిమ అని తెలిసింది. పక్కనే మొలిచిన లేత మొక్కకు మాత్రం మొదటి ఆకులు అచ్చం మన తుమ్మాకులాగే ఉన్నాయి. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో, యూకలిప్టస్ చెట్లు పలుచగా ఉన్న అడవుల్లో వాటి కింద ఇది సహజంగా పెరుగుతుంది. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ నిర్ణయంతో అంతకుముందు మన నల్లతుమ్మకూ ఉన్న అకేసియా అనే ప్రజాతి పేరు ప్రధానంగా ఆస్ట్రేలియా జాతులకే దక్కి, నల్లతుమ్మ వచెల్లియా అనే వేరే ప్రజాతిలోకి మారిందన్న సంగతి మాత్రం నాకు ఇంకా మింగుడుపడడం లేదు.